నా బల్ల మీద పాసైన హీటర్

నా బల్ల మీద పాసైన హీటర్ తిరిగి రాదని ట్రక్కు డ్రైవర్లు చెప్పుకునేవారు. ఆ మాట నేను పుట్టించింది కాదు, కానీ విన్నప్పుడెప్పుడూ కాదనలేదు. వర్జీనియాలో హైవే పక్కనున్న ఒక వర్క్‌షాపులో పదమూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ నా చేతిపని గురించి ఎవరైనా అడిగితే కాస్త గొంతు పెంచే చెబుతాను. సరిగ్గా ఆ సమయానికి మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఇప్పుడు మీకు చెప్పబోయేది మాత్రం తిరిగి వచ్చిన హీటర్ గురించి. ఒకసారి కాదు, రెండుసార్లు తిరిగి వచ్చింది. కొత్తగా పనిలో చేరి, చేతిలో కాస్త నేర్పు ఉందని మురిసిపోతున్నవాళ్ళు ఇది చదవాలని నా కోరిక.

ముందు ఆ హీటర్ ఏమిటో చెప్పాలి. దూరాలు తిరిగే పెద్ద ట్రక్కుల్లో డ్రైవర్ సీటు వెనక ఒక పడక ఉంటుంది. చలికాలంలో ఇంజన్ ఆపేసి పడుకోవాలంటే ఆ పడక కింద చిన్న డీజిల్ హీటర్ ఉండాలి. చెప్పుల పెట్టె కంటే కొంచెం పెద్దది. దాని లోపల ఒక గదిలో డీజిల్ మండుతుంది. పొగ గొట్టంలోంచి ట్రక్కు కిందికి పోతుంది. మండే గది చుట్టూ తిరిగిన గాలి వేడెక్కి పడక వైపు వస్తుంది. పొగ దారి వేరు, గాలి దారి వేరు, రెండింటికీ మధ్య ఉన్నది ఒక అల్యూమినియం గోడ. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

నేను గోదావరి ఒడ్డున ఒక బస్సు డిపోలో ఇరవై రెండేళ్ళు డీజిల్ పంపులు విప్పి బిగించినవాణ్ణి. మా బావమరిది వేసిన కాగితాల మీద యాభయ్యో ఏట ఇక్కడికి వచ్చాను. షాంటిలీలో మా చుట్టూ ఉన్న తెలుగువాళ్ళంతా కంప్యూటర్ల వాళ్ళే. పుట్టినరోజు పార్టీల్లో "మీరు దేంట్లో చేస్తారు అంకుల్?" అని అడిగేవారు. "హీటర్లు" అంటే "ఓ, వాటి సాఫ్ట్‌వేరా?" అనేవారు. "కాదు నాయనా, వాటి మసి" అనేవాణ్ణి. నవ్వేవారు. నాకు మాత్రం ఆ మసి అంటే చిన్నతనంగా ఎప్పుడూ అనిపించలేదు.

షాపు ఓనరు ఒక పెద్దావిడ. భర్త పోయాక ఆవిడే నడుపుకొస్తోంది. మేడమ్ అనొద్దని నాకు పదమూడేళ్ళు చెప్పింది, నేను పదమూడేళ్ళూ మేడమ్ అనే పిలిచాను. నా పక్క బల్ల మీద నౌకాదళంలో ఇంజన్ గదుల్లో పనిచేసి వచ్చిన ఒక పెద్దమనిషి ఉండేవాడు. బాగు చేసిన ప్రతి హీటర్‌నీ బల్ల మీద బిగించి, గాజు సీసాలోంచి డీజిల్ ఇచ్చి అరగంట పూర్తి వేడి మీద నడపాలి. వేడిగాలి వచ్చే మూతి దగ్గర మీటరు పెట్టాలి. అందులో పొగ కలిస్తే మీటరు అంకె చూపిస్తుంది. సున్నా ఉంటే పాస్. అప్పుడు దానికి ఒక పసుపు ట్యాగ్ కట్టి, పరీక్ష చేసినవాడు ఒక సంతకం, పక్కవాడు ఒక సంతకం పెట్టాలి. నౌకాదళం ఆయన నా ట్యాగుల్ని చదివేవాడు కాదు. "నీ సంతకం ఉంటే నాది పెట్టడం మర్యాద కోసమే" అనేవాడు. నేను పొంగిపోయేవాణ్ణి.

ఈ పనిలో ఒకే ఒక్క బాధ పొగ. హీటర్ అంటుకునే ముందు తెల్లగా ఇంత పొగ కక్కుతుంది. గోడకున్న కంతలోంచి గొట్టం బయటికి పెట్టినా సగం లోపలే తిరిగేది. కళ్ళు మండేవి. ఇంట్లోనూ నాది ఇదే తంటా. మా ఆవిడ ఎండుమిరపకాయల తాలింపు పెట్టినప్పుడల్లా స్మోక్ అలారం కూసేది, నేను కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరేవాణ్ణి. ఒక శనివారం పట్టుబట్టి పొయ్యి మీద పెద్ద ఫ్యాన్ బిగించి, గొట్టం ఇంటి బయటికి పెట్టాను. ఆ తర్వాత అలారం నోరెత్తితే ఒట్టు. అదే తెలివి షాపులో ఉపయోగించాను. గోడకి గట్టి ఫ్యాన్ ఒకటి పెట్టి, దాని గొట్టాన్ని తెచ్చి హీటర్ పొగమూతికే క్లాంపు వేసి బిగించాను. పొగ పుట్టగానే ఫ్యాన్ లాగేస్తుంది. షాపు అద్దంలా అయిపోయింది. మేడమ్ అందరినీ పిలిచి చూపించి, ఆ రోజు మధ్యాహ్నం పిజ్జాలు తెప్పించింది. నౌకాదళం ఆయన నాకు సెల్యూట్ కొట్టాడు. నేను ఒక వారం ఛాతీ విరుచుకుని తిరిగాను.

అది సెప్టెంబరు. నవంబరులో ఒక తెలుగు డ్రైవరు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, వరంగల్ వైపు మనిషి. ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ ఉద్యోగం పోతే, ఏడాది ఇంటర్వ్యూలకి తిరిగి విసిగిపోయి, ట్రక్కు లైసెన్సు తీసుకుని పాత ట్రక్కు కొన్నాడు. ముందు బంపరుకి నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ వేలాడుతోంది.

"ఇంజనీరింగ్ చదివి ఇదేంటయ్యా?" అన్నాను.

"మా ఇంటామె కట్టింది అంకుల్. ఎండితె కొత్తది కడ్తది. తీస్తె ఊకోదు."

అతని హీటర్ వేడి ఇవ్వడం లేదు. విప్పి, పేరుకున్న మసి గీకి, పొగ కారకుండా అతుకులో కొత్త గాస్కెట్ వేసి, బల్ల మీద అరగంట నడిపాను. సున్నా. సంతకం పెట్టాను, పక్కాయనా పెట్టాడు.

మూడు వారాలకి అతను మళ్ళీ వచ్చాడు. "హీటర్ మస్తు వేడొస్తుంది అంకుల్. గానీ లేచినంక తలకాయ పగుల్తుంది. ఒకసారి వామిటింగ్ కూడా అయింది."

"ఏమైనా వాసన వస్తోందా?"

"కోవిడ్ తర్వాత నాకు స్మెల్ సరిగా తెలుస్తలేదు."

మళ్ళీ బల్ల ఎక్కించాను. ఈసారి గంట నడిపాను. సున్నా. నేను నవ్వి, "ఏసీ గదుల్లో కూర్చున్న తల కదా, రోడ్డుకి అలవాటు పడాలి. నీళ్ళు తాగు, టైముకి తిను" అన్నాను. అతనూ నవ్వాడు. బస్సు డిపోలో పెరిగినవాళ్ళకి కంప్యూటర్ల వాళ్ళంటే లోలోపల ఒక చిన్నచూపు ఉంటుంది. పార్టీల్లో వాళ్ళకి నా మీద ఉన్నదానికి అది బదులు. ఇది ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

జనవరిలో మూడోసారి వచ్చాడు. చేతిలో గుండ్రటి చిన్న అలారం. పొగలో ఉండే రంగూ వాసనా లేని విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్, గాలిలో చేరితే కూసేది.

"అంకుల్, నిన్న నిద్రల ఉంటె ఇది ఒకటే మొత్తుకుంది."

"పక్కన ట్రక్కులు ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని ఉన్నాయా?"

"అటొకటి, ఇటొకటి ఉన్నయ్."

"వాటి పొగే లోపలికొచ్చి ఉంటుంది. నా మీటరు ఏటా కంపెనీకి పంపించి సరిచూయిస్తాం. నువ్వు తెచ్చింది ఆన్‌లైన్ బొమ్మ. దాన్ని నమ్ముతావా, దీన్ని నమ్ముతావా?"

అయినా అతని తృప్తి కోసం మరోసారి నడిపాను. మళ్ళీ సున్నా. అతను మీటరు వైపు చూసి, నా వైపు చూసి, "మిమ్మల్నే నమ్ముత అంకుల్" అన్నాడు. అలారాన్ని ఆపేసి ట్రక్కు సొరుగులో పడేసి లోడుకి వెళ్ళిపోయాడు. అది శుక్రవారం.

ఆదివారం ఉదయం పదకొండు గంటలకి నేను సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నాను. పొయ్యి మీద బీరకాయ పప్పు ఉడుకుతోంది, నేను పెట్టిన ఫ్యాన్ గట్టిగా తిరుగుతోంది. మా ఆవిడ పొయ్యి పక్కనే నిలబడి వాళ్ళ అక్కతో ఫోన్లో మాట్లాడుతోంది. అవతలి మాట వినబడక ఫ్యాన్ ఆపింది. అంతే, ఇల్లంతా మాడువాసన.

"అయ్యో అయ్యో, అడుగంటిపోయింది! పక్కనే ఉన్నాను కదండీ, నాకే తెలియలేదు. మీరు పెట్టిన ఈ ఫ్యాన్ లాగి పారేస్తుంటే మాడిన వాసన కూడా తెలిసి చావదు!"

నేను సోఫాలోంచి లేచాను. గిన్నె దించడానికి లేచాననుకుంది. నేను ఆ ఫ్యాన్ కిందికి వెళ్ళి నిలబడి గొట్టం వైపు చూస్తున్నాను. షాపులో నా ఫ్యాన్ హీటర్ పొగని లాగుతోంది. ఊరికే లాగడం కాదు, క్లాంపు వేసి మరీ పీలుస్తోంది. అల్యూమినియం గోడకి పగులు ఉంటే? ట్రక్కులో అయితే పొగ ఆ పగుల్లోంచి వేడిగాలిలోకి తోసుకొస్తుంది. నా బల్ల మీద అదే పగుల్లోంచి గాలే పొగలోకి పోతుంది. మీటరు దగ్గరికి ఏమీ రాదు. మీటరు అబద్ధం చెప్పలేదు. దాని నోరు నేను మూసి, సున్నా వచ్చిందని సంతకాలు పెట్టాను.

అతనికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మూడుసార్లు చేశాను. వాళ్ళావిడ నంబరు షాపు ఫారంలో రాసినప్పుడు నా ఫోన్లో పెట్టుకున్నాను, ఆవిడకి చేశాను.

"నిన్న సాయంత్రం నుంచి డ్రైవ్ చేసిండు అంకుల్. పొద్దున ఏడింటికి ఆపి పండుకుంటున్న అని మెసేజ్ పెట్టిండు. పది గంటలు రెస్ట్. ఏమైంది అంకుల్?"

ఏమైందో చెప్పాలి కదా. "హీటర్ మీద నాకు అనుమానం వచ్చిందమ్మా. వెంటనే లేపాలి. ఎక్కడున్నాడో ఫోన్లో కనిపిస్తోందా?"

ఆవిడ ఏడవలేదు. పెన్సిల్వేనియాలో హైవే ఎగ్జిట్ నంబరు, ట్రక్ స్టాప్ పేరు చదివింది. నా అనుమానం తప్పయితే ఒక మనిషి నిద్ర చెడుతుంది, నలుగురిలో నా పరువు పోతుంది. నిజమైతే అతను నాలుగు గంటలుగా ఆ గాలి పీలుస్తున్నాడు. ట్రక్ స్టాప్‌కి ఫోన్ చేశాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఎత్తింది. నా ఇంగ్లీషు కంగారులో గోదావరి దాటి వెనక్కి వెళ్ళిపోతోంది, అయినా ఓపిగ్గా వింది.

"తెల్ల ట్రక్కు అంటున్నారు. సర్, ఇక్కడ వంద పైన ట్రక్కులున్నాయి, సగం తెల్లవే. నంబరు చెప్పగలరా?"

నంబరు వాళ్ళావిడకి గుర్తు లేదు. నా కాగితాలు షాపులో ఉన్నాయి. తల పనిచెయ్యలేదు. అప్పుడు కళ్ళ ముందు ఆ దండ ఆడింది.

"ముందు బంపరుకి ఒక నిమ్మకాయ, దాని మీద పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కట్టి ఉంటాయి."

"నిమ్మకాయా?"

"అవును. నిజం నిమ్మకాయ."

ఆ అమ్మాయి మరో మాట అడగలేదు. "ఫోన్ పెట్టకండి" అని, ఎవరినో కేకేసి, మంచులోకి పరుగెత్తింది. ఫోన్లో ఆమె రొప్పు వినిపిస్తోంది. మా ఆవిడ మాడిన గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎంతసేపో నాకు తెలియదు. "దొరికింది, లెమన్ దొరికింది" అని ఆ అమ్మాయి అరిచింది. తర్వాత తలుపు మీద దబదబా బాదుడు. ఆగింది. మళ్ళీ బాదుడు. ఎవరో అద్దం పగలగొట్టమంటున్నారు. అంతలో ఆ అమ్మాయి గొంతు, "తలుపు తీశాడు. నిలబడలేకపోతున్నాడు, కానీ మాట్లాడుతున్నాడు. అంబులెన్స్‌కి చెప్పాం."

నేను వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

అతనికి ఆక్సిజన్ పెట్టి మర్నాడు ఇంటికి పంపించారు. సోమవారం నేను అందరికంటే ముందు షాపుకి వెళ్ళి మేడమ్ వచ్చేదాకా బయటే నిలబడ్డాను. ఏమీ నాన్చకుండా చెప్పేశాను. ఆవిడ తాళం తీసి లోపలికి నడిచింది. మంగళవారం ఆ ట్రక్కుని తెప్పించి, హీటర్ తీసి, బల్ల మీద బిగించాం. ముందు నా ఫ్యాన్‌తో నడిపాం. సున్నా. తర్వాత క్లాంపు విప్పి పొగని దాని దారిన వదిలేశాం. కళ్ళు మండుతున్నాయి, ఎవరం కదల్లేదు. పదిహేను నిమిషాలకి లోహం పూర్తిగా వేడెక్కింది. మీటరు కూసింది. వెంట్రుకంత పగులు, చల్లగా ఉన్నప్పుడు కంటికి ఆనదు, వేడెక్కితే విచ్చుకుంటుంది.

"నా ఫ్యాన్ పెట్టాక పాసైనవి నలభై మూడు" అన్నాను. ట్యాగుల పుస్తకం ముందే తీసి ఉంచాను. "అన్నిటి మీదా నా సంతకమే."

"నాది కూడా ఉంది" అన్నాడు నౌకాదళం ఆయన. "చదవకుండా పెట్టింది నేను."

మేడమ్ ఇన్సూరెన్స్ మనిషికి ఫోన్ చేసింది. ముందు లాయర్‌తో మాట్లాడాలి, అప్పటిదాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దు అన్నాడతను. స్పీకర్‌లో మేమందరం విన్నాం. ఆవిడ ఫోన్ పెట్టేసి, "ఆయన ట్రక్కులో పడుకోడు" అంది. పుస్తకం మూడు ముక్కలుగా పంచింది. నాకు పద్నాలుగు పేర్లు వచ్చాయి. ప్రతి డ్రైవరుకీ ఒకటే మాట చెప్పాం. "హీటర్ ఆపెయ్యండి. మా పరీక్షలో తప్పు జరిగింది. తప్పు మాది." కొందరు తిట్టారు. ఒకాయన నా పుట్టుపూర్వోత్తరాలన్నీ తిట్టాడు, ఆయనకి ఆ హక్కుంది, విన్నాను. నలభై మూడు హీటర్లూ వెనక్కి వచ్చాయి, నాలుగు రాష్ట్రాల నుంచి. మరో రెండింటిలో పొగ కలుస్తోందని తేలింది. ఒకదానికి పగులు. రెండోది నేను వంకరగా బిగించిన గాస్కెట్.

నా ఉద్యోగం ఉంటుందనుకోలేదు. ఆవిడ ఆ మాటే ఎత్తలేదు. నేను ఫ్యాన్ పీకేస్తుంటే మాత్రం ఆపింది. "పొగ పోవాలి. కానీ హీటర్‌ని పీల్చకూడదు. ఆలోచించు" అంది. ఆలోచించాను. క్లాంపు తీసేసి, ఫ్యాన్ గొట్టానికి గరాటులాంటి మూతి పెట్టి, హీటర్ పొగమూతికి నాలుగు వేళ్ళ దూరంలో ఆపాను. వచ్చిన పొగని అందుకుంటుంది, రానిదాన్ని లాగదు. నేను ఇప్పటికీ గొంతు పెంచి చెప్పేది ఆ నాలుగు వేళ్ళ ఖాళీ గురించే. మొన్నీమధ్య చూడ్డానికి వెళితే కొత్తగా చేరిన అమ్మాయి నేనెవరో తెలియక నాకే వివరించింది. "ఈ గ్యాప్ మూయకూడదు సర్, ఇక్కడ అది రూల్." చాలా బుద్ధిగా విన్నాను.

ఫిబ్రవరిలో ఆ డ్రైవరు వచ్చాడు. కొత్త హీటర్ మేడమ్ ఇచ్చింది, కొత్త పద్ధతిలో బల్ల మీద నేనే నడిపాను, ట్రక్కులో నేనే బిగించాను. అతను దూరంగా నిలబడి చూస్తున్నాడు.

"ఏమనుకోకుండ్రి అంకుల్. హీటర్ వద్దు. దుప్పట్లు కొనుక్కుంట. అది ఆన్ చేసి కళ్ళు మూసుకుంటె ఆ తలుపు కొట్టిన చప్పుడే వినొస్తుంది."

అతను చెప్పింది తప్పని ఎలా అనను? మిమ్మల్నే నమ్ముతా అన్న మనిషి. దుప్పట్లతో ఆ చలికాలం గడవదు. ట్రక్కు అమ్మేసే ఆలోచనలో ఉన్నాడని వాళ్ళావిడ నాతో అంది. నేను పసుపు ట్యాగ్ చూపించాను. నౌకాదళం ఆయన సంతకం ఉంది. ఈసారి ఆయన గంటసేపు పక్కనే నిలబడి చూసి మరీ పెట్టాడు. నాది లేదు.

"ఆ అలారం ఎక్కడుంది?" అన్నాను.

సొరుగులోంచి తీసి ఇచ్చాడు. బూట్లు విప్పి అతని పడక ఎక్కాను. తలుపులు వేయించి, హీటర్ పూర్తిగా పెంచి, అలారాన్ని గుండెల మీద పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాను.

"రెండు గంటలయ్యాక తలుపు కొట్టు" అన్నాను. "ముందు నేను పడుకుని లేస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం."

మెలకువగా ఉండి అలారాన్ని గమనించాలనే నా ఉద్దేశం. కానీ నెల రోజులుగా సరైన నిద్ర లేదు. కింద పంపు టిక్కుటిక్కుమంటోంది, వెచ్చటి గాలి పాదాలకి తగులుతోంది. ఎప్పుడు పట్టిందో తెలియదు.

దబదబా చప్పుడైతే కళ్ళు తెరిచాను. అద్దంలోంచి అతని ముఖం, దాని మీద కంగారు. నేను పడుకుని నాలుగు గంటలైందట. రెండు గంటలకి కొట్టబోతే నా గురక బయటికి వినిపించిందట, పాపం అని వదిలేశాడట, నాలుగో గంట కూడా గడిచేసరికి భయం పట్టుకుందట. అలారం నా గుండెల మీదే ఉంది. దాని పచ్చదీపం వెలుగుతోంది. లేచి కూర్చుని ముందు తల ఇటూ అటూ తిప్పి చూసుకున్నాను. తేలిగ్గా ఉంది.

కిందికి దిగి, అతని వీపు మీదే ట్యాగ్ పెట్టి సంతకం చేశాను.